అద్దె ఇంటి చట్టంలో థర్మండ్ గారు పెట్టిన మెలిక

అందరికీ నమస్కారం. టైం తక్కువుంది, సూటిగా విషయంలోకి వచ్చేస్తా. అమెరికాలో 1964 సివిల్ రైట్స్ యాక్ట్, అంటే పౌరహక్కుల చట్టం గురించి అందరూ చెప్తారు, నేను మాత్రం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ పట్టుకుంటా, ఎందుకంటే అక్కడ అద్దెకుండే మనవాళ్ళకి కూడా పనికొచ్చేది అదే, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు ఇవ్వననడానికి లేదు.

1988లో దీన్ని సవరించారు. మంచి సవరణే, వికలాంగులకీ పిల్లలున్న కుటుంబాలకీ రక్షణ వచ్చింది. కానీ అందులోనే ఒక మెలిక పెట్టారు, డ్రగ్స్ తయారుచేసిన లేదా అమ్మిన కేసులో శిక్షపడ్డ మనిషికి ఆ కారణంతో ఇల్లు ఇవ్వకపోతే ఈ చట్టం అడ్డురాదు అని. హత్య కేసుకి ఈ మినహాయింపు లేదు, దోపిడీకి లేదు, ఆఖరికి కొంప తగలబెట్టినవాడికీ లేదు! పెట్టించింది ఎవరనుకున్నారు, సెనేటర్ స్ట్రామ్ థర్మండ్, 1957లో సివిల్ రైట్స్ బిల్లుని ఆపడానికి ఏకబిగిన 24 గంటల 18 నిమిషాలు మాట్లాడిన పెద్దమనిషి.

సరే, ఆ శిక్షలు ఎవరికి పడుతున్నాయి? 1986 డ్రగ్స్ చట్టం ప్రకారం క్రాక్ 5 గ్రాములు అమ్మితే కనీసం ఐదేళ్ళు జైలు, అదే ఐదేళ్ళు పౌడర్ కొకైన్‌కి పడాలంటే 500 గ్రాములుండాలి. రెండూ ఒకే సరుకు, క్రాక్ అంటే పౌడర్‌ని వంటసోడా, నీళ్ళు కలిపి కాచేదే. ఫెడరల్ కోర్టుల్లో క్రాక్ కేసుల్లో ఇరుక్కున్నది ఎక్కువగా నల్లవాళ్ళే. 2010లో ఆ తేడాని 18 రెట్లకి తగ్గించారు, సమానం మాత్రం చెయ్యలేదు. అంటే ఒక చట్టం మనిషి మీద ముద్ర వేస్తుంది, రెండో చట్టం ఆ ముద్ర ఉన్నవాడికి నేను వర్తించనంటుంది, రంగు పేరెత్తాల్సిన పనే లేదు ఎవరికీ.

ఉద్యోగాల్లోనూ ఇంతే. హెరాయిన్ మానడానికి మెథడోన్ అనే మందు వాడుతున్నవాళ్ళని, న్యూయార్క్‌లో బస్సులు, రైళ్ళు నడిపే ట్రాన్సిట్ సంస్థ వాళ్ళు పనిలోకి తీసుకోము అంటే, 1979లో సుప్రీంకోర్టు అది సివిల్ రైట్స్ చట్టానికి విరుద్ధం కాదనేసింది. మానుకుంటున్నవాళ్ళండీ వాళ్ళు, నాకైతే ఇది మింగుడుపడదు.

2016లో హౌసింగ్ శాఖ, పాత కేసులున్నాయని అందరినీ గంపగుత్తగా బయటికి నెడితే అది వివక్ష కిందకి రావచ్చని చెప్పింది. ఉత్త అరెస్టుకీ, డ్రగ్స్ దగ్గర పెట్టుకున్న కేసుకీ థర్మండ్ మినహాయింపు వర్తించదని కూడా తేల్చింది. అమ్మిన కేసు దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులెత్తేసింది, ఆ మినహాయింపు తియ్యాలంటే కాంగ్రెస్సే, అంటే అమెరికా పార్లమెంటే తియ్యాలి, ఇంకా తియ్యలేదు.