లైపోసక్షన్ చేయించుకునే ముందు ఇది వినండి: ఏడాది తర్వాత నా రివ్యూ

నమస్కారమండీ. పొట్టకీ, తొడలకీ లైపోసక్షన్, అంటే కొవ్వు లాగేసే ఆపరేషన్, చేయించుకుని నాకు ఏడాది నిండింది. చేయించుకోవచ్చా అని అడిగేవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పలేక ఈ వీడియో చేస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. పేషెంటుగా నాకు తెలిసినవీ, ముందే తెలిసుంటే బాగుండేదనిపించినవీ చెబుతాను.

ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదు. ఆపరేషన్ మర్నాడు నేను బరువు చూసుకుంటే తగ్గకపోగా పెరిగింది. ఒంట్లోకి ఎక్కించిన ద్రవమూ, వాపూ అందుకు కారణం. ఆ అంకె చూసి ఏడ్చేశాను. ఎవరైనా ముందే చెప్పుంటే ఆ ఏడుపు ఉండేది కాదు.

ఇందులో తీసేది చర్మం కిందున్న కొవ్వు మాత్రమే. పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు జోలికి వెళ్ళరు. షుగరుతో, గుండె జబ్బులతో ఎక్కువ సంబంధం ఉన్నది ఆ లోపలి కొవ్వుకే. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. ఊబకాయం ఉన్న 15 మంది ఆడవాళ్ళకి ఒక్కొక్కరికి దాదాపు 10 కిలోల కొవ్వు తీసి, 10 నుంచి 12 వారాల తర్వాత పరీక్షలు చేశారు. బీపీ గానీ, ఇన్సులిన్ పనిచేసే తీరు గానీ మెరుగుపడలేదు. కాబట్టి ఆరోగ్యం కోసమే అయితే దీనిమీద డబ్బు పెట్టొద్దు.

మరి ఎవరికి పనికొస్తుంది? బరువు నిలకడగా ఉండి, ఎంత వ్యాయామం చేసినా ఒకటి రెండు చోట్ల కొవ్వు కరగనివాళ్ళకి. చర్మానికి బిగువు కూడా ఉండాలి. కాన్పుల తర్వాత పొట్ట చర్మం వేలాడుతుంటే, దాని కిందున్న కొవ్వు తీసేశాక అది ఇంకా వదులుగా కనిపించవచ్చు. దానికి టమ్మీ టక్ అని వేరే ఆపరేషన్ ఉంది. తొడల మీద సొట్టల్లా కనిపించే సెల్యులైట్ దీనితో పోదు.

ఇప్పుడు అసలు విషయం. లేజరా, వేజర్ అనే అల్ట్రాసౌండ్ మిషనా అని మిషన్ల గురించే అందరూ అడుగుతారు, నేనూ అదే అడిగాను. వేడి పుట్టించే మిషన్లతో చర్మం కాలే రిస్కు కూడా ఉంటుంది. మిషన్ పేరు కన్నా ముందు అడగాల్సింది మత్తు గురించి. ఇప్పుడు ఎక్కువగా చేసేది ట్యూమెసెంట్ పద్ధతి. జెఫ్రీ క్లైన్ అనే చర్మవైద్యుడు దీని గురించి 1987లో ప్రచురించారు. సెలైన్‌లో లిడోకైన్ అనే మత్తుమందు, అడ్రినలిన్ కలిపి కొవ్వులోకి ఎక్కిస్తారు. చోటు మొద్దుబారుతుంది, రక్తనాళాలు ముడుచుకుని రక్తస్రావం బాగా తగ్గుతుంది. తర్వాత క్యాన్యులా అనే సన్నని గొట్టంతో లాగుతారు.

మంచి పద్ధతే. కానీ ఆ లిడోకైన్ రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరేది సుమారు 12 గంటల తర్వాత. అప్పటికి మీరు ఇంట్లో మంచం మీద ఉంటారు! చెవుల్లో హోరు, నాలుక మొద్దుబారడం, నోట్లో లోహపు రుచి, మాట తడబడటం ఉంటే నిద్రమత్తు అనుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ పద్ధతిలో మోతాదుకు సాధారణంగా చెప్పే పైహద్దు కిలో బరువుకి 55 మిల్లీగ్రాములు. నాకు ఎంత ఎక్కిస్తున్నారు అని అడగండి, తప్పు లేదు. కొన్ని యాంటీబయాటిక్స్, ఫంగస్ మందులు లివరు లిడోకైన్‌ని విరగ్గొట్టడాన్ని నెమ్మది చేస్తాయి. అందుకని వాడే ప్రతి మాత్రా చెప్పండి. ఆస్పిరిన్, గర్భనిరోధక మాత్రలు కూడా. సిగరెట్ అలవాటుంటే కొన్ని వారాల ముందే మానేయాలి.

ఒకే రోజు పొట్ట, నడుము, తొడలు, చేతులు అన్నీ చేసేస్తాం అంటే కాస్త ఆగండి. బయటికి తీసేది మొత్తం 5 లీటర్లు దాటితే దాన్ని భారీ లైపోసక్షన్‌గా లెక్కేస్తారు. రిస్కు పెరుగుతుంది, ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచి చూసుకోవాలి. ఆ సీసాలో కనిపించేదంతా కొవ్వు కాదు, ఎక్కించిన ద్రవమూ అందులోనే ఉంటుంది.

కోలుకోవడం గురించి త్వరగా చెప్పేస్తాను. మొదటి ఒకటి రెండు రోజులు గాట్ల నుంచి ఎర్రటి నీరు కారుతుంది, పాత దుప్పట్లు వేసుకోండి. ఒంటిని బిగించి పట్టే బట్ట, అదే కంప్రెషన్ గార్మెంట్, నేను ఆరు వారాలు వేసుకున్నాను, ఒరిపిడి భరించడం కష్టమే. స్పర్శ తెలియడానికి నెలలు పట్టింది. అసలు ఆకారం తేలేది మూడు నుంచి ఆరు నెలలకి. ఆపరేషన్ రోజే లేచి నెమ్మదిగా నడవాలి, లేకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, ఛాతీ నొప్పి, జ్వరం, తగ్గని కడుపు నొప్పి ఉన్నా అది ఎమర్జెన్సీయే.

నా ఫలితానికి వస్తే, పొట్ట విషయంలో తృప్తిగా ఉన్నాను. కుడి తొడ మీద మాత్రం ఒక గుంట మిగిలింది. అడిగితే మసాజ్ చేసుకోండి అన్నారు. తగ్గలేదు. సరిచేయాలంటే మళ్ళీ ఆపరేషన్, మళ్ళీ ఖర్చు. ఎగుడుదిగుడులు వస్తే సరిచేయడానికి అయ్యే ఖర్చు ఎవరిది? ఇది సంతకం పెట్టకముందే కాగితం మీద రాయించుకోండి, నేను రాయించుకోలేదు.

ఇంకొక్కటి. రాత్రి ఏదైనా అయితే ఫోన్ చేయమని ఒక నంబరు ఇస్తారు కదా. ఆపరేషన్‌కి ముందే ఒక రాత్రి ఆ నంబరుకి ఫోన్ చేసి చూడండి, ఎవరు ఎత్తుతారో.