అనంతపురం ఎండలో మూడు సన్‌స్క్రీన్లు: ట్యూబు అయిపోయేదాకా వాడి చెప్తున్న రివ్యూ

నమస్తే అండీ. ఉదయం తొమ్మిదిన్నరకే క్లాక్ టవర్ దగ్గర బండి సీటు మీద చెయ్యి పెట్టలేకపోయాను. ఈ ఎండాకాలం మూడు రకాల సన్‌స్క్రీన్లు వాడాను. కంపెనీల పేర్లు చెప్పను. ట్యూబు వెనక ఏం చదవాలో తెలిస్తే ఏ షాపులోనైనా మీరే ఎంచుకోవచ్చు.

"రోజూ రాస్తున్నా నల్లబడుతూనే ఉన్నానక్కా" అని చాలామంది అడుగుతున్నారు. ట్యూబు ఎన్నాళ్లు వచ్చిందంటే ఆరు నెలలంటారు. తేడా అక్కడే ఉంది. ఇదిగో, దగ్గరగా చూడండి. చూపుడు వేలు, నడిమి వేలు, రెండింటి మీదా మొదలు నుంచి కొస దాకా ఇలా ఒక్కో గీత. ముఖానికీ మెడకూ కలిపి ఇంత కావాలి, ఒక గ్రాము పైమాటే. రోజుకొకసారి రాసినా 50 గ్రాముల ట్యూబు నెలన్నరలోపు అయిపోవాలి. ట్యూబు మీదున్న ఎస్‌పీఎఫ్ అంకె, అంటే ఎండకు కమిలిపోకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకె, ఇంత మందంగా రాసి పరీక్షించి ఇచ్చింది. శనగగింజంత తీసుకుని ముఖమంతా సాగదీస్తే ఆ రక్షణ అందదు.

అందుకే పెద్ద అంకె కోసం ఎక్కువ డబ్బులు పెట్టొద్దంటాను. ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో ఎస్‌పీఎఫ్ 30 సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98 శాతం. ఆ ఒక్క శాతం కంటే, ధర చూసి వెనకాడకుండా రెండు వేళ్ల నిండా తీసుకోగలగడం ముఖ్యం. ఎస్‌పీఎఫ్ పక్కన పీఏ అని ఉండి ప్లస్ గుర్తులు ఉంటాయి, అవీ చూడండి. అవి చర్మాన్ని నల్లబరిచే యూవీఏ కిరణాలను ఎంత ఆపుతుందో చెప్పేవి. మూడు, నాలుగు ప్లస్‌లు ఉన్నది తీసుకోండి. యూవీఏ అద్దంలోంచి కూడా వస్తుంది. కర్నూలు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా రాసుకోవాల్సిందే.

మొదటిది జింక్ ఆక్సైడ్ ఉన్నది. మంట పుట్టలేదు, సున్నితమైన చర్మానికి మంచిది. కానీ మన చామనఛాయ మీద బూడిద పూసినట్టు కనిపిస్తుంది. చెమట పట్టాక మెడ మడతల్లో తెల్లటి చారలు కట్టి, నా నల్ల చున్నీకి అంటుకుంది.

రెండోది జెల్. రాసినట్టే తెలియదు. హెల్మెట్ పెట్టుకుంటే మాత్రం నుదుటి చెమటతో కళ్లలోకి దిగి మండింది. ఇప్పుడు కనుబొమల పైన కొంచెం తగ్గించి రాస్తున్నాను. రోజువారీకి నా ఓటు దీనికే.

మూడోది రంగు కలిపినది, ఐరన్ ఆక్సైడ్స్ ఉంటాయి. మంగు ఉన్నవాళ్లకు మామూలు వెలుతురు వల్ల కూడా మచ్చ ముదురుతుంది, దాన్ని ఇది కొంత ఆపుతుంది. ఒక ట్యూబు నేనే పాడు చేసుకున్నాను. బండి డిక్కీలో మధ్యాహ్నమంతా వదిలేస్తే నూనె ఒకవైపు, ముద్ద ఒకవైపు విడిపోయింది. అలాంటిది వాడకండి, పారేయండి. మంగు పోతుందని మెడికల్ షాపులో స్టెరాయిడ్ క్రీములు మాత్రం అడిగి తెచ్చుకోవద్దు, చర్మం పలుచబడిపోతుంది. చర్మ డాక్టరుకు చూపించండి.

ఈ రంగుది అమ్మ కోసం కొన్నాను. ఏళ్ల తరబడి శెనక్కాయ చేనులో పని చేసి రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది. "నల్లగున్నోళ్లకి ఇదెందుకే" అంది. మన రంగుకు ఎండ తొందరగా కమిలించదు గానీ, ఒకసారి వచ్చిన మచ్చ పోవడానికి చాలాకాలం పడుతుందని చెప్పాను. చేనుకు పోయేటప్పుడు చీర మీద నాన్న పాత చొక్కా వేసుకుని, తలకు తువ్వాలు కట్టుకుంటుంది. ఒంటికి ఏ ట్యూబు కంటే ఆ చొక్కానే మేలు. అందుకే ముఖానికీ మెడకూ మాత్రమే రాస్తున్నాం. బయట చెమటలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి కాబట్టి, సద్ది తినేటప్పుడు ముఖం తుడుచుకుని ఇంకోసారి రాసుకుంటుంది.

అమ్మ ట్యూబు మూడు వారాలకే అయిపోయింది. నిన్న ఇంకోటి తెచ్చిచ్చాను.