బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగండి
(ఒడిశాలోని పర్లాకిమిడిలో స్వచ్ఛంద అంబులెన్స్ కార్యకర్తల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, పాతపట్నం నుంచి ఈ ఎండలో వచ్చిన మిత్రులకు, కొత్తగా పేరిచ్చిన పిల్లలకు నమస్కారం. దాతల పేర్లు ఇందాకే చదివారు. వాళ్ళకి మరోసారి దండం పెట్టుకుని విషయానికి వస్తాను.

కొత్త బండిలోని సామాన్లు పరిచయం చేయమన్నారు. ముందు ఆక్సిజన్. ఇది బి టైపు సిలిండర్. నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పెడితే రెండున్నర గంటలు వస్తుంది. మోహన అవతలి కొండ ఊళ్ళ నుంచి బరంపురం పెద్దాసుపత్రికి బయల్దేరేటప్పుడు ఈ లెక్క మనసులో ఉండాలి. ముల్లు సగంలో ఉంటే బండి కదలకముందే ఇంకొకటి ఎక్కించండి. వాల్వుని నూనె చేతులతో ముట్టుకోకండి, నిప్పు పుడుతుంది. తిప్పే కీ సిలిండర్ మెడకే కట్టి ఉండాలి. ఎవరి జేబులోనో ఉంటే అది లేనట్టే.

ఇక ఈ వాకీటాకీ. దీని దగ్గర కాస్త ఆగుతాను.

ఫోన్లుండగా ఇదెందుకని అడుగుతున్నారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చాక మన గజపతి జిల్లాలో ఫోన్లు ఎలా మూగబోయాయో మీ ఇళ్ళల్లో అడగండి.

చాలా ఏళ్ళ కిందటి మాట. వానాకాలం, రాత్రి పదకొండు దాటింది. ఆఫీసులో సెట్ దగ్గర నేనున్నాను. ఒక సవర పల్లె నుంచి ఒకాయన తడిసి ముద్దయి వచ్చి, కోడలికి నొప్పులని చెప్పాడు. మన బండి అప్పటికే ఘాట్ రోడ్డులో ఉంది. కంగారులో నేను బటన్ నొక్కుతూనే ఊరి పేరు చెప్పేశాను. సెట్ అందుకునేలోపే మొదటి అక్షరాలు పోయాయి. బండిలోవాళ్ళకి వినిపించింది చివరి 'గుడ' ఒక్కటే. మన కొండల్లో 'గుడ'తో ముగిసే ఊళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. వాళ్ళు తమకు తెలిసిన గుడ అనుకుని 'రోజర్' అన్నారు, అంటే మాట అందిందని. ఆ మాట విని నేను నిశ్చింతగా కూర్చున్నాను.

గంటన్నర పోయింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. ముందే వచ్చినా ఏమయ్యేదో చెప్పలేమని డాక్టరుగారు నన్ను ఊరడించారు. ఆ రాత్రి నుంచి ఈ బటన్ మీద వేలు పెట్టినప్పుడల్లా ఆ తాతే కళ్ళ ముందు నిలబడతాడు.

అందుకే పిల్లలూ, బటన్ నొక్కండి. మనసులో 'ఒకటి' అనుకోండి. అప్పుడు నోరు తెరవండి. అవతలివాళ్ళు 'రోజర్' అంటే ఊరుకోకండి. ఊరి పేరు తిరిగి చెప్పించుకోండి. ఊరితో పాటు పంచాయతీ, బ్లాకు కూడా చెప్పండి. ఉదయగిరులు రెండున్నాయి కదా. ఆర్. ఉదయగిరి మన జిల్లాలో ఉంది, జి. ఉదయగిరి కంధమాల్‌లో ఉంది. ముందున్న ఆ ఒక్క అక్షరం తెగిపోతే బండి ఎటు పోతుంది? రాయగడ అంటే మన బ్లాకా, పక్క జిల్లా పట్టణమా?

అరవడం వల్ల లాభం లేదు, మాట ఇంకా చెదిరిపోతుంది. సెట్ నోటికి రెండంగుళాల దూరంలో పట్టుకుని మామూలుగా మాట్లాడండి. కొండ అడ్డొస్తే ఈ తరంగం దాన్ని దాటి రాదు. పైమలుపు దాకా వెళ్ళి మళ్ళీ పిలవండి. మీరు బటన్ నొక్కి ఉన్నంతసేపూ అవతలివాళ్ళ మాట మీకు వినపడదు. కాబట్టి నాలుగు మాటలు చెప్పి వదలండి.

స్ట్రెచర్, సక్షన్ మిషన్ సంగతి సాయంత్రం బండి దగ్గర చూపిస్తాను, టైమ్ అయిపోయిందని అధ్యక్షులవారు చూస్తున్నారు. ఒక్క నిమిషం ఇప్పించండి అయ్యా.

చివరి వరసలో నీలం చొక్కా బాబూ, ఈ సెట్ తీసుకుని బయట వేపచెట్టు దాకా వెళ్ళు. రెండోది నా దగ్గరుంటుంది. మీ ఊరి పేరు చెప్పు. ఇక్కడున్న వాళ్ళందరూ విని తిరిగి చెబుతారు.