అట్ట మీద ఉన్నంత మాత్రాన నిజమేనా? తెవికీలో ఒక రాక్ ఆల్బమ్ వ్యాసాన్ని బాగుచేద్దాం

[దృశ్యం: అమలాపురం, కాలవ గట్టు. తర్వాత ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద తెలుగు వికీపీడియా]

నమస్కారమండీ. మన రాజోలు, ముమ్మిడివరం చుట్టుపక్కల ఊళ్లకు తెలుగు వికీపీడియాలో పేజీలున్నాయి. చాలా సంతోషం. కానీ భీమవరంలో ఇంజినీరింగ్ చదువుకునే కుర్రాడు ఇయర్‌ఫోన్స్‌లో వినే ఇంగ్లీషు ఆల్బమ్ గురించి కూడా తెలుగులో చదువుకోగలగాలి. విజ్ఞాన సర్వస్వం అన్నాక అన్నీ ఉండాలి, ఉన్నది నమ్మేలా ఉండాలి.

ఇవాళ్టి ఉదాహరణ 'థిక్ యాజ్ ఎ బ్రిక్'. జెథ్రో టల్ అనే బ్రిటిష్ బృందం 1972లో తెచ్చిన ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన, మలుపులున్న రచనలతో సాగే రాక్ శైలి) ఆల్బమ్. రెండు మూడు వాక్యాలతో ఆగిపోయిన వ్యాసాన్ని తెవికీలో మొలక అంటారు. మన మొలక ఇలా ఉందనుకుందాం.

[స్క్రీన్ మీద: "ఇది ఒక అద్భుతమైన ఆల్బమ్. దీని సాహిత్యాన్ని జెరాల్డ్ బోస్టాక్ అనే ఎనిమిదేళ్ల బాలుడు రాశాడు. ఇందులో రెండు పాటలున్నాయి."]

మొదటి వాక్యం తీసేయండి. నాకూ ఈ ఆల్బమ్ ప్రాణమే, కానీ అద్భుతం అనే మాట మనం అనకూడదు. అమెరికాలో బిల్‌బోర్డ్ ఆల్బమ్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది అని రాసి, పక్కన మూలం ఇవ్వండి. ఎంత గొప్పదో పాఠకులే తేల్చుకుంటారు.

అసలు పని రెండో వాక్యంతో. ఇక్కడ కాస్త ఆగుదాం.

[స్క్రీన్ మీద: దినపత్రికలా మడతపెట్టిన అట్ట నమూనా]

ఈ ఆల్బమ్ అట్టను 12 పేజీల ఊరి పేపర్‌లా అచ్చు వేశారు. వార్తలు, ప్రకటనలు, పదకేళి, అన్నీ ఉంటాయి. బోస్టాక్ అనే పిల్లాడికి కవితల పోటీలో బహుమతి వచ్చిందనీ, తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారనీ మొదటి పేజీలో వార్త. పాట రచయితల్లో కూడా అతని పేరు వేశారు. కానీ ఆ పిల్లాడే లేడు! మాటలు రాసింది బృందం గాయకుడు, ఫ్లూట్ వాయిద్యకారుడు ఇయాన్ ఆండర్సన్. అంతకుముందు ఏడాది వచ్చిన ఈ బృందం ఆల్బమ్ 'ఆక్వాలంగ్'ను విమర్శకులు కాన్సెప్ట్ ఆల్బమ్ అన్నారు, అంటే పాటలన్నీ ఒకే ఇతివృత్తం చుట్టూ అల్లినదని. అది ఆండర్సన్‌కి నచ్చలేదు. సరే, నిజమైన కాన్సెప్ట్ ఆల్బమ్ ఎలా ఉంటుందో చూపిద్దామని, ఆ ధోరణిని ఆటపట్టిస్తూ దీన్ని చేశాడు.

మా పాలకొల్లు తమ్ముడు అడిగాడు: "అన్నయ్యా, సాక్షాత్తూ అట్ట మీదే ఉంటే ఇంకా మూలం ఏంటి?" మంచి ప్రశ్న. ఎవరు ఏ వాయిద్యం వాయించారో చెప్పడానికి అట్ట పనికొస్తుంది. కానీ అట్ట కూడా ఇక్కడ కళలో భాగమే, అది తన గురించి చెప్పుకునే కథకు అదే సాక్ష్యం కాలేదు. దానికి బయటివాళ్లు రాసినది కావాలి: సంగీత పత్రిక, బృందం చరిత్ర పుస్తకం, అచ్చయిన ఇంటర్వ్యూ. కాబట్టి వాక్యం ఇలా మారుతుంది.

[స్క్రీన్ మీద: "సాహిత్యం ఇయాన్ ఆండర్సన్ రాశాడు. అట్ట మీద మాత్రం జెరాల్డ్ బోస్టాక్ అనే కల్పిత బాలుడికి ఆపాదించారు."]

అబద్ధాన్ని చెరిపేయలేదు చూడండి. కల్పితమని చెప్పి ఉంచాం. ఎందుకంటే ఈ ఆల్బమ్ కథలో అదే ముఖ్యమైన ముక్క. 2012లో ఆండర్సన్ అదే బాలుడు పెద్దయితే ఏమయ్యుండేవాడో ఊహిస్తూ ఇంకో ఆల్బమ్ కూడా చేశాడు.

అన్నట్టు, తెవికీలో వ్యక్తుల గురించి ఏకవచనంలోనే రాయాలి. 'గారు' లేకుండా మాట రాని గోదావరోళ్లకి మొదట్లో చెయ్యాడదు. ఎవరికైనా అదే పద్ధతి కాబట్టి అమర్యాదేమీ కాదు.

ఇక మూడో వాక్యం. రెండు పాటలు కావు, సుమారు 44 నిమిషాల ఒకే రచన. ఎల్పీ రికార్డుకి ఒక్కో వైపు అంత నిడివి పట్టదు కాబట్టి మధ్యలో తుంచారు. మొదట అకూస్టిక్ గిటార్ మీద వినిపించిన బాణీ చివర్లో మళ్లీ వస్తుంది. మన సన్నాయి మేళం రాగాన్ని ఎంత దూరం తిప్పినా పల్లవి దగ్గరికి వచ్చినట్టు. ఈ పోలిక వీడియోలో చెప్పొచ్చు, వ్యాసంలో రాయకూడదు. అక్కడ మీ చెవికి తోచిన విశ్లేషణ చెల్లదు, ప్రచురితమైనదే కావాలి.

సమాచార పెట్టెలో విడుదల తేదీ, స్టూడియో, లేబుల్, నిడివి నింపండి. పాట సాహిత్యం కాపీ చేయొద్దు. అట్ట బొమ్మను కామన్స్‌లోకి (వికీపీడియాలు వాడుకునే స్వేచ్ఛా బొమ్మల భండారం) ఎక్కించొద్దు. రెండిటికీ కాపీరైట్ ఉంది.

మనకి కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ముందు మీ ప్రయోగశాల పేజీలో (చిత్తుప్రతి రాసుకునే మీ సొంత పేజీ) రాసి భద్రపరచుకోండి. తర్వాత వ్యాసంలో పెట్టి, ఏం మార్చారో సారాంశంలో ఒక్క ముక్క రాసి ప్రచురించండి. మీరు మార్చిన వాక్యాన్ని ఎవరైనా వెనక్కి తిప్పితే, మళ్లీ తిప్పేయకుండా చర్చ పేజీలో మీ మూలం చూపించండి. అక్కడా తేలకపోతే తెవికీ వాడుకరులంతా చర్చించుకునే రచ్చబండ పేజీలో అడగండి.