నంది మోసుకొచ్చిన తప్పుడు కబురు: మా ఊరి కనుమ నాటిక రివ్యూ

హలో అండీ, నమస్తే. థంబ్‌నెయిల్ చూసి పండగ సినిమా రివ్యూ అనుకుని వచ్చినవాళ్ళుంటే సారీ. ఈసారి రివ్యూ మా ఊరి రామాలయం దగ్గర కనుమ రాత్రి పిల్లలు వేసిన పాతిక నిమిషాల నాటికకి. టికెట్ లేదు, ఇంటర్వెల్ లేదు, మధ్యలో ఒకసారి కరెంటు పోతే అదే ఇంటర్వెల్ అనుకుని అందరం టీ తాగేశాం. నవ్వకండి, ఈ పండక్కి నేను చూసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. శివుడు నందిని పిలిచి, భూలోకానికి పోయి జనానికి ఒక మాట చెప్పి రమ్మంటాడు. రోజూ తలంటు పోసుకోండి, నెలకోసారి తినండి, ఇంతే. నంది కిందికొచ్చి రోజూ తినండి, నెలకోసారి తలంటు పోసుకోండి అని చెప్పేసి పోతాడు. శివుడికి ఒళ్ళు మండిపోయి, ఇంతమంది రోజూ తినాలంటే అంత పంట ఎవడు పండిస్తాడు, నువ్వే పో, పోయి నాగలి లాగు అని శపిస్తాడు. అలా ఎద్దు మన పొలానికొచ్చిందని, అందుకే పండగ మూడో రోజు పశువులదని చెప్తారు. తమిళనాడులో మాట్టు పొంగల్‌కి ఇదే కథ, మన దగ్గర కనుమకి. మా అమ్మమ్మ లెక్క మాత్రం వేరు, ఆవిడ చెప్పేదాంట్లో మూడు పూటలా స్నానం, ఒక పూట భోజనం అన్నది కాస్తా అటూ ఇటూ అయిపోతుంది. ఎలా చూసినా బుక్కయింది నందే.

మన పిల్లలు కైలాసాన్ని ఆఫీసు చేశారు. అది చూడగానే నాకు భయం వేసింది, ఎందుకంటే దేవుడి చేతిలో ల్యాప్‌టాప్ పెడితే చాలు, కామెడీ దానంతటదే పుట్టేస్తుందనుకునే స్కిట్లు ఇప్పటికే బోలెడున్నాయి. మొదటి ఐదు నిమిషాలూ అదే గోల. నారదుడు వాట్సాప్ గ్రూప్ అడ్మిన్, శివుడి మెడలో పాముకి ఐడీ కార్డు. పాముకి ఐడీ కార్డు బాగుంది లెండి, మిగతాదంతా కత్తిరించి పారేయొచ్చు.

పార్వతి వచ్చాక అసలు ఆట మొదలైంది. శివుడు నందికి కబురు చెప్తుంటే పక్కన పప్పు రుబ్బుతున్న ఆవిడ తల కూడా ఎత్తకుండా, "ఏమండీ, నెలకోసారి తిండా? కాశీలో భిక్షాపాత్ర పట్టుకుని నా గుమ్మం ముందు నిలబడ్డది ఎవరండీ?" అంది. అంతే, ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. శివుడి వేషం వేసిన కుర్రాడు జవాబు చెప్పకుండా, నెత్తిన గంగ జారిపోతున్నట్టు రెండు చేతులా జడ సర్దుకున్నాడు. స్క్రిప్టులో ఉందో, డైలాగ్ మర్చిపోయి చేశాడో గానీ, అదిరిపోయింది. అన్నపూర్ణని ఇంట్లో పెట్టుకుని జనాన్ని పస్తులుండమనే మొగుడు! ఈ కథ ఇన్నిసార్లు విన్నాను గానీ, నాకెప్పుడూ తట్టలేదండీ ఈ పాయింటు.

తర్వాత శివుడు "అర్థమైందా?" అంటాడు. నంది తలూపుతాడు, మెడలో గంట మోగుతుంది. "మళ్ళీ చెప్పండి స్వామీ" అని ఒక్క మాట అనడు. గంగిరెద్దులా తలాడించడం అని ఎవరినైనా వెక్కిరిస్తాం కదా, ఇక్కడ తలాడించేది సాక్షాత్తూ ఆ గంగిరెద్దే. వినాయక చవితి కథలో గజాసురుడి కడుపులో శివుడు ఉండిపోతే, విష్ణువు గంగిరెద్దులవాడిలా వెళ్ళి ఆడించింది ఈ నందినే కదా. స్వామిని రాక్షసుడి పొట్టలోంచి బయటికి తెచ్చిన ఎద్దు, రెండు ముక్కల కబురు సరిగ్గా మోయలేకపోయింది. పెద్ద పనులు చేసేవాళ్ళతో ఇదే తంటా!

నంది వేషం గురించి చెప్పాలి. తెల్ల దుప్పటి కింద ఇద్దరు పిల్లలు, ముందు ఒకడు, వెనక ఒకడు, న్యూస్‌పేపర్ చుట్టి పసుపు పూసిన కొమ్ములు, గంట మాత్రం నిజం ఎద్దుదే. వెనక వాడికి ఏమీ కనపడదు పాపం, ముందువాడు ఆగినప్పుడల్లా వీడు గుద్దుకుంటాడు. ఆ నంది ఊళ్ళోకి నడిచొచ్చే సీను ఉంది చూశారూ, మొత్తం నాటికకి అదే ప్రాణం. మర్చిపోకుండా "రోజూ తలంటు, నెలకోసారి తిండి" అని వల్లె వేసుకుంటూ వస్తుంటాడు. కనుమ కదా, ఏ ఇంట్లో చూసినా మినప్పప్పు, బాణలి, నూనె. మొదటి ఇంటి అరుగు మీద ఒక ముసలావిడ నోట్లో గారె పెడుతుంది. "రోజూ తలంటు, నెలకోసారి... గారె." రెండో ఇంట్లో ఇంకోటి. "రోజూ... గారె, నెలకోసారి..." నాలుగో ఇంటికొచ్చేసరికి "రోజూ తిండి" ఒక్కటే మిగిలింది. తలంటు నెలకోసారికి ఎలా జరిగిపోయిందో నందికే తెలీదు. పాత కథలో నంది ఎందుకు తడబడ్డాడో చెప్పరు, వీళ్ళు చెప్పారు. తప్పు నందిది కాదండీ, గారెలది! అన్నట్టు, కనుమ నాడు కాకి కూడా మునుగుతుంది అంటారుగా, అంటే స్నానం సంగతి చివరికి కాకికైనా సరిగ్గానే అందింది.

శాపం సీను బాగా తీశారు. ఎవరూ అరవలేదు. శివుడు మెల్లగా "నువ్వే కదా చెప్పింది" అంటే, ముందువాడు నిలబడే ఉన్నాడు, వెనకవాడు చతికిలబడ్డాడు. ఎద్దు సగం కూలిపోయినట్టు కనపడింది. కావాలని చేసిందైతే కాదు.

నాకు నచ్చనిది క్లైమాక్స్. ట్రాక్టర్ వస్తుంది, నందికి శాపవిమోచనం అంటారు, అందరూ చప్పట్లు. ఐడియా మంచిదే గానీ, తొందరగా దాటేశారు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవులూ ఎద్దులూ కలిపి 19 కోట్ల పైచిలుకు ఉంటే అందులో 14.5 కోట్లు ఆడవే. దున్నే పని పోయాక మగదూడని మేపేవాడేడి? నందికి ఆ రోజు శాపం పోయిందో ఉద్యోగం పోయిందో ఆ పిల్లలు ఇంకో రెండు నిమిషాలు ఆలోచించి ఉంటే వేరే లెవెల్లో ఉండేది. మొన్న మా వీధిలో పసుపు కుంకుమ పెట్టి దండ వేసింది నాలుగు ట్రాక్టర్లకి, ఎద్దుల జత ఒక్కటే ఉంది.

సౌండ్ కూడా దారుణం. పక్క వీధి డీజే పాటకి శివుడు శాపం పెడుతుంటే ఒక పెద్దాయన స్టెప్పులేశాడు. రేటింగ్ అడుగుతారుగా, ఐదుకి మూడున్నర, అందులో ఒకటి గారెల సీనుకే.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. శివాలయానికి వెళ్తే మనం చేసే పని ఏంటి? నంది చెవిలో కోరిక చెప్పి వస్తాం, స్వామికి చేరవేస్తాడని. రెండు వాక్యాలు తిరగేసి చెప్పిన వాడికే మన పిల్లల పెళ్ళిళ్ళు, వీసాలు, ఇంటి లోన్లు అన్నీ అప్పజెప్తున్నాం. నాటిక అయిపోయాక కుర్చీలు సర్దుతుంటే, ఐదారేళ్ళ పాప ఒకతి స్టేజీ పక్కన దుప్పటి కూడా తీయకుండా కూలబడి ఉన్న నంది దగ్గరికెళ్ళి, పేపర్ కొమ్ము పక్కన చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో గుసగుసగా చెప్పింది. లోపల్నించి ఆ కుర్రాడి గొంతు వినిపించింది.

"సరిగ్గా వినపళ్ళేదు, మళ్ళీ చెప్పు."