వాగుడుకాయ అనే ముందు

సభకు నమస్కారం.

నాకిచ్చిన అంశం 'వాచాలత'. అర్థం అందరికీ తెలుసు, అవసరానికి మించి మాట్లాడటం. దీని పుట్టుక మాత్రం చూడదగ్గది. 'వాక్కు' మీద పాణిని పక్కపక్కనే రెండు సూత్రాలు చెప్పాడు. మొదటిదానితో 'వాగ్మి' వస్తుంది. రెండోది 'ఆలజాటచౌ బహుభాషిణి'. దీంతో వాచాలుడు, వాచాటుడు వస్తాయి. సూత్రంలో ఉన్నది 'ఎక్కువగా మాట్లాడేవాడు' అని మాత్రమే. అది నింద అని తర్వాతివాళ్ళు చేర్చారు. ఎంత మాట్లాడినా చక్కగా మాట్లాడితే అతను వాగ్మే అని పాణిని సూత్రాలకు వ్యాఖ్యానమైన కాశికావృత్తి తేల్చేసింది. అంటే చూడాల్సింది మాటల లెక్క కాదు, మాటల్లో సరుకు. 'మూకం కరోతి వాచాలం' అన్న శ్లోకంలోనైతే ఆ నింద కూడా లేదు. మూగవాడికి మాటలిచ్చే దయ అది.

ఇంట్లో మనం వాచాలత అనం. వదరుబోతు, వసపిట్ట, వాగుడుకాయ అంటాం. వదరుబోతులో చీదరింపు ఉంది. తాగుబోతు, తిరుగుబోతుల వరసలోది కదా! వసపిట్టలో మురిపెం ఉంది. మాటలు బాగా రావాలని పసిపిల్లలకు వసకొమ్ము అరగదీసి నాకించేవాళ్ళు. గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెప్పే పిల్లని చూసి 'దీనికి వస ఎక్కువ పోసినట్టున్నారు' అనడం అందుకే.

ఇక 'అధికప్రసంగం'. నాకు అస్సలు నచ్చని మాట ఇది. పేరులో 'అధికం' ఉందిగానీ, కొలిచేది మాటల్ని కాదు, మనిషిని. పెద్దాయన గంటసేపు మాట్లాడితే అది అనుభవం. కోడలు ఒక్క ముక్క అడ్డం చెప్తే అధికప్రసంగం!

వాగుడుకాయకి మాత్రం సొంత రుచి లేదు, అనే గొంతును బట్టే తీపో చేదో. అమ్మ అంటే నవ్వొచ్చేది. నాలుగో తరగతిలో ఓ రోజు, అప్పటికే రెండు ప్రశ్నలు అడిగి, మూడోది కూడా అడిగాను: 'రాత్రిపూట ఇంద్రధనుస్సు ఎందుకు రాదండీ?' 'కూర్చోరా వాగుడుకాయా' అన్నారు మాస్టారు. క్లాసంతా గొల్లుమంది. చెవులు వేడెక్కిపోయాయి. ఆ ఏడాది మళ్ళీ చెయ్యెత్తలేదు.

రాత్రిపూట కూడా వస్తుందట. నిండు వెన్నెల్లో, వెన్నెలకి ఎదురుగా వాన పడుతుంటే, రంగులు తేలని తెల్లటి విల్లులా కనిపిస్తుందట. నాకు ఈ సంగతి తెలిసేసరికి ముప్పై ఏళ్ళు పట్టింది.