అరుగు ఎక్కి చూడాలి

విద్యార్థి మిత్రులకు, తోటి అధ్యాపకులకు నమస్కారం. ఈ రోజు ఆర్కిటెక్చర్ విద్యార్థులకు ఇచ్చే ప్రయాణ స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడతాను.

1949లో డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జన్ ఒక ప్రయాణ గ్రాంటుతో అమెరికా, మెక్సికో తిరిగాడు. మెక్సికోలోని యుకటాన్‌లో దట్టమైన అడవి. లోపల నడిచే మనిషికి నాలుగు బారల అవతల ఏముందో తెలియదు. మాయా ప్రజలు అక్కడ సరిగ్గా చెట్ల తలల ఎత్తుకు రాతి అరుగులు కట్టారు. మెట్లన్నీ ఎక్కి అరుగు మీద నిలబడగానే ఆకుల కప్పు కాళ్ల కిందికి పోతుంది. ఆకాశం, మబ్బులు, గాలి ఒక్కసారిగా ఎదురవుతాయి.

ఆ అనుభవం ఉట్జన్ మనసులో నాటుకుపోయింది. 1957లో సిడ్నీ ఒపెరా హౌస్ పోటీ గెలిచాడు. ఆ భవనాన్ని తలచుకుంటే అందరికీ తెరచాపల్లాంటి పైకప్పులే గుర్తొస్తాయి. ఈసారి బొమ్మ చూసినప్పుడు వాటి కింది అరుగును చూడండి, దాని మీదికి నడిపించే వెడల్పాటి మెట్లను చూడండి. ఆ అరుగు యుకటాన్ నుంచి వచ్చింది. 1962లో ఆయనే ఒక వ్యాసంలో ఈ సంగతి రాశాడు. అడవి నీడలోంచి వెలుగులోకి వచ్చే ఆ క్షణం ఎన్ని ఫొటోలు చూసినా అందదు. ప్రయాణ స్కాలర్‌షిప్పులు ఇచ్చేది అందుకే.

ఇది పాత ఏర్పాటే. ఫ్రాన్స్‌లో గెలిచినవారిని రోమ్‌కు పంపి చదివించే ప్రి ద రోమ్ బహుమతిని 1720 నుంచి ఆర్కిటెక్చర్‌కూ ఇచ్చారు. 1824లో దాన్ని గెలిచిన ఆన్రీ లాబ్రూస్త్ ఇటలీలోని పేస్టమ్ గ్రీకు కట్టడాలను కొలిచాడు. పారిస్ పెద్దలు కోరుకున్న ఆదర్శ రూపం గీయలేదు. ఆ ఊరి జనం వాడుకున్న కట్టడాలుగా గీసి పంపాడు. దుమారం రేగింది. నాకు ఆయనంటే ప్రత్యేకమైన గౌరవం.

బ్రిటన్ ఆర్కిటెక్ట్ నార్మన్ ఫోస్టర్ మాంచెస్టర్‌లో చదివే రోజుల్లో ఒక గాలిమరను కొలిచి గీశాడు. బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ రీబా దానికి వెండి పతకంతో పాటు వంద పౌండ్ల పైచిలుకు బహుమతి ఇచ్చింది. ఇప్పుడు అదే సంస్థ ఆయన పేరున ఒక విద్యార్థికి ప్రయాణ స్కాలర్‌షిప్ ఇస్తోంది. అమరావతి శాసనసభ, హైకోర్టు భవనాలకు నమూనాలు గీసింది ఆయన సంస్థే. ప్రయాణించి పరిశోధించడానికి హార్వర్డ్ వారు ఇచ్చే వీల్‌రైట్ బహుమతి లక్ష డాలర్లు. అది చదువు పూర్తయిన యువ ఆర్కిటెక్టులకు.

దరఖాస్తు రాసేటప్పుడు దయచేసి పది నగరాల జాబితా ఇవ్వకండి. ఒక ప్రశ్న ఇవ్వండి, ఒక ఊరు ఇవ్వండి, అక్కడ ఎన్నాళ్లుంటారో చెప్పండి. ఎక్కువ రోజులు ఉండమని ఎందుకంటున్నానో చెబుతాను.

నేను ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరంలో ఉండగా కోనసీమలో ఒక మండువా లోగిలిని కొలవడానికి వెళ్లాం. మండువా చుట్టూ రాతి అంచు మీద వరుసగా చిన్న గుంటలున్నాయి, వేలి కొన పట్టేంత. రాయి పాడైందనుకుని రెండు రోజులూ వాటిని వదిలేశాం. మూడో రోజు సాయంత్రం వాన పట్టుకుంది. ఒక్కో పెంకు కొస నుంచి ఒక్కో ధార జారి, సరిగ్గా ఒక్కో గుంటలో పడింది. అందరం టేపులు వదిలేసి చూస్తూ నిలబడిపోయాం. "మా మామగారి కాలం నుంచీ అంతే బాబూ" అన్నారు ఇంటావిడ. ఆ రాత్రి లాంతరు పెట్టుకుని గుంటల మధ్య దూరాలన్నీ కొలిచాం. పెంకుల వరుసతో సరిపోయాయి. రెండో రోజే బస్సెక్కి ఉంటే మా డ్రాయింగులో అవి ఉండేవి కావు.

లిస్బన్‌కు వెళ్లినా, క్యోటోకు వెళ్లినా అంత ఓపిక కావాలి. దాన్ని ఇక్కడే అలవాటు చేసుకోవచ్చు. వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు పక్క ఊళ్లో ఒక పాత ఇంటి అరుగు కొలవబోతున్నాం. ఇంటివాళ్లను అడిగి ఒప్పించాను. ఐదు మీటర్ల టేపు, గట్టి అట్ట, పెన్సిళ్లు మీరు తెచ్చుకోండి. రసమట్టం నేను తెస్తాను.